తల్లి పిల్లి ఎక్కడ?

ముందు పోయినవి లెక్క పెడతాను.

ఒక తల్లి పిల్లి పోయింది. దాని నాలుగు కూనల్లో మూడు మా కళ్ల ముందే పోయాయి. నాలుగోది తుప్పల్లోకి పరుగెత్తి మళ్లీ కనబడలేదు. వీరేశం సేటు కొట్టు ముందు బల్ల మీద, గోడ వైపు, రోజూ సాయంత్రం నా కోసం ఖాళీగా ఉండే చోటు పోయింది. సూది పట్టుకున్నప్పుడు నా చేతికుండే నిబ్బరం పోయింది. దాని వెనకాలే, యాభై నాలుగేళ్ల వయసులో, నా పనీ పోయింది. ఎవరూ తీసేయలేదు. సంచి నేనే దించి గూటిలో పెట్టాను.

ముత్తక్క అనే మనిషిని మాత్రం పోయినవాటిలో వేయాలో ఉన్నవాటిలో వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను పశువుల డాక్టర్ని కాను, గోసేవక్‌ని. సర్కారు కొన్ని నెలలు శిక్షణ ఇచ్చి, ఒక సంచి భుజాన వేసి, నీ ఊరి గొడ్లను నువ్వు చూసుకో అని పంపిన మనిషిని. గోదావరికి ఇవతల, హిందీ నడిచే మద్దేడ్ చుట్టుపక్కల జనానికి నేను ‘ఢోర్ డాక్టర్’ని, అంటే గొడ్ల డాక్టర్ని. తెలుగువాళ్లకు రాజన్నని. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మందు సీసా మీద కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములు అని ఉంటుంది. ఆ లెక్క నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. కొట్లో పప్పు తూచి పొట్లం కట్టేవాళ్లను చూసి, దానితో పోల్చుకుని నేర్చుకున్నాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చి, ఎన్ని ఆవులకు సూదులు వేశావు, ఏ జబ్బు కష్టం అని అడుగుతున్నారు. ఆవుల సంగతి మీకు ఎవరైనా చెబుతారు. నేను పిల్లికూన సంగతి చెబుతాను. మీ దగ్గరికి అట్టపెట్టెలో పెట్టుకుని తెస్తారు. తెచ్చినవాళ్లు నవ్వుతూ ఉంటారు. మీరూ నవ్వుతారు. అక్కడ జాగ్రత్త.

అర కిలో లోపు ప్రాణం

ఎద్దుకు మందు ఒక మిల్లీలీటరు ఎక్కువైతే ఎద్దుకు తెలియను కూడా తెలియదు. నాలుగు వందల గ్రాముల కూనకు నాలుగు చుక్కలు ఎక్కువైతే ఇక లెక్క వేయాల్సిన అవసరమే ఉండదు.

పనిలో చేరిన కొత్తలో ఒక బట్టల కొట్టు ఆయన కోడలు చెప్పుల పెట్టెలో కూనను తెచ్చింది. చెవులు, మీసాలు, తోక అన్నీ వణుకుతున్నాయి. ఒంటి మీంచి ఘాటుగా వాసన.

“ఏం రాసినవమ్మా?”

“ఏం లేదన్నా, పురుగులున్నయని మేకల మందు రాసిన. గోమార్లకు రాస్తరు గద, అది.”

“ఎంత రాసినవు?”

“మూతెడు. మేకకైతే రెండు మూతలేస్తరు. ఇది చిన్నది గదా అని ఒకటే ఏసిన.”

ఆమె కూడా లెక్క వేసింది. ఇరవై కిలోల మేకకు రెండు మూతలు, పిడికెడు కూనకు ఒకటి. గోరువెచ్చని నీళ్లు, సబ్బు పెట్టి కడిగాను, గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. వణుకు ఆగలేదు. ఆమె వెంట వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ అత్త, “మనుషులకు జరమొస్తే దవాఖానకు పోవుడు లేదు, పిల్లికి డాక్టరా” అంది. కోడలు ఆమె వైపు చూడలేదు. నా చేతి వైపే చూస్తూ నిలబడింది. కూన చనిపోయాక పెట్టె మూత తనే పెట్టింది.

ఆ రోజు నేర్చుకున్నది ఇది: పిల్లి చిన్న మేక కాదు, చిన్న కుక్క కూడా కాదు. బరువు తగ్గించి లెక్క కట్టినా, గొడ్లకు పడే మందు చాలావరకు దాని ఒంటికి పడదు. గొడ్ల ఒంటి మీది గోమార్లను చంపే మందు పడదు. మనం జ్వరానికి వేసుకునే మాత్ర ఒక ముక్క వేసినా ప్రాణం పోతుంది. ఫినాయిల్ నీళ్లతో తుడిచిన నేల మీద నడిచి కాళ్లు నాక్కున్నా ప్రమాదమే.

కొత్తగా తెచ్చిన కూన చేతికి వస్తే నేను ముందు పొట్ట ముట్టుకునేవాణ్ణి. చల్లగా ఉంటే పాలు పట్టనివ్వను. చల్లబడిన పొట్టలో పాలు అరగవు. ముందు వెచ్చదనం, తర్వాతే తిండి. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెడితే చాలు. తర్వాత చిగుళ్లు చూడాలి. తెల్లగా ఉంటే రక్తం లేదు, పురుగులు తాగేస్తున్నాయని అర్థం. మెడ మీద తోలు పట్టి వదిలితే వెంటనే దిగాలి. దిగకపోతే ఒంట్లో నీళ్లు లేవు. ఆ తర్వాత కాంటా మీద తూకం. నెల కూన నాలుగు వందల గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, పైన వారానికి ఓ వంద పెరుగుతుంది. తూకం తెలిశాకే కడుపులో పురుగుల మందు, అదీ చుక్కల్లో. రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండాలి. మూడు నెలలకు పిచ్చి జబ్బు, అంటే రేబిస్ టీకా.

ఇవన్నీ చేతులతో చేసేవి. నోటితో అడగాల్సింది ఒకటుంది. అది నేర్పింది నేతామ్ మేడమ్.

పహ్లే మా

నేతామ్ మేడమ్ మా బ్లాకు పశువుల డాక్టరు. సన్నగా ఉండేది. జీపు ఆగకముందే తిట్టడం మొదలుపెట్టేది. పారుడు పట్టి విరేచనాలు అవుతున్న దూడను చూపిస్తే దాన్ని ముట్టుకునేది కాదు, నన్నూ ముట్టుకోనిచ్చేది కాదు. “పహ్లే మా” అనేది. ముందు తల్లి. తల్లి పొదుగు చూడు, తల్లి నోరు చూడు, తల్లి మేత చూడు, అప్పుడు రా దూడ దగ్గరికి. ఒకసారి నేను మర్చిపోయి దూడ నోట్లో వేలు పెట్టాను. మధ్యాహ్నం దాకా ఎండలో తల్లి ఆవు పక్కనే నిలబెట్టింది. ఆ ఆవు పొదుగులో గడ్డ ఉందని నాకు తెలిసేసరికి చొక్కా తడిసిపోయింది.

ఆమె అంత మంచి డాక్టర్ని నేను చూడలేదు. కానీ ఒక మాట చెప్పాలి. ఆమె కోపానికి జడిసి జనం ఆమెకు నిజం చెప్పేవారు కాదు. ఆవుకు పసరు పట్టామని చెబితే తిడుతుందని దాచేవారు. కుళ్లిన మేత వేశామని చెబితే తిడుతుందని దాచేవారు. తిట్టే డాక్టరుకు సగం జబ్బే కనబడుతుంది. మిగతా సగం ఇంటివాళ్ల నోట్లో ఉండిపోతుంది. మీకు కోపం వస్తే జీపు దగ్గరికి వెళ్లి రండి, తర్వాత అడగండి.

బజారు రోజు

వీరేశం సేటుది కిరాణా కొట్టు, వెనకాల బియ్యం గోదాం. ఎలుకలున్నచోట పిల్లి లేకుండా వ్యాపారం సాగదు. ఆయన పిల్లి ఏడాదికి రెండు ఈతలు ఈనేది. కూనల్ని వారం బజారుకు వచ్చినవాళ్లకు ఇచ్చేవాడు. ఊరికే ఇవ్వడు. ఊరికే తెచ్చిన పిల్లి ఎలుకను పట్టదని ఆ ఇంట్లో ఒక నమ్మకం. తీసుకునేవాళ్లు ఏదో ఒకటి దోసెడు ఆయన గంపలో పోయాలి. చింతపండు, మినుములు, ఏదైనా సరే. అలా ఇచ్చే రోజు నేను వెళ్లి కూనల్ని తూచి పురుగుల మందు పోసేవాణ్ణి.

కొన్నేళ్ల కింద, చలికాలం. నూనె డబ్బాల అట్టపెట్టెలో నాలుగు కూనలు.

“రా రాజన్నా, ఇయ్యాల నీకు గిరాకి నేనే పిలిచి తెచ్చిన” అన్నాడు సేటు.

మొదటిదాన్ని కాంటా మీద పెట్టాను. నాలుగు వందల అరవై.

“పప్పైతే ఇంకో గుప్పెడు ఏసి అర కిలో చెయ్యమనేటోళ్లు” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

రెండోది, మూడోది కూడా అంతే. నాలుగోది మూడు వందల ఎనభై. తోక కొస తెల్లగా, మిగతా ఒళ్లంతా బూడిద రంగు. అన్నీ పాలు మరవని కూనలే.

“సేటూ, ఇంకో నెల ఆగాలె. తల్లి ఏది?” అన్నాను.

“తిరగబోయింది. పిల్లి సంసారం నన్నడుగుతవేంది?”

మళ్లీ నవ్వారు. ఆయన బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. అదేంటని అడిగాను. “బెల్లం డబ్బా రేకు గీసుకున్నది” అన్నాడు.

అడగాల్సిన రెండు ప్రశ్నలూ అడిగాను. రెండు జవాబులూ విన్నాను. దూడ దగ్గరైతే తల్లిని చూడందే కదిలేవాణ్ణి కాదు. పిల్లి దగ్గర ఆ రెండు జవాబుల్నీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఒక కూనను సేటు ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఒకటి బస్టాండు దగ్గర టీ హోటల్ ఆయన తీసుకున్నాడు. ఒకటి బడి మాస్టారు. నాలుగోదాన్ని అడిగిన మనిషి ముత్తక్క. నలభై ఏళ్లుంటాయి, ఎండిన ఇప్ప పువ్వు గంప నెత్తిన పెట్టుకుని బజారుకు వచ్చేది. తనవాళ్ల భాష దోర్లీ ఎంత జోరుగా మాట్లాడేదో తెలుగూ అంతే జోరుగా మాట్లాడేది.

“ఆ సన్నదాన్ని నాకియ్యి, సేటూ. గాదెల ఎలుకలు ఒడ్లన్నీ బుక్కుతున్నయి.”

“అది తూకం తక్కువ ముత్తక్కా. తర్వాత నన్ను తిట్టొద్దు.”

“నేను గూడ తూకం తక్కువనే. ఇద్దరం ఒక్క కంచంల తింటం.”

దోసెడు ఇప్ప పువ్వు గంపలో పోసి, కూనను కొంగులో వేసుకుంది.

“బర్రె పాలు పట్టకు అక్కా, పారుడు పడ్తది” అన్నాను.

“నాకే లేవు, దానికేడికెల్లి వస్తయి? అన్నం నమిలి ఏలి కొసకు పెడ్త. నా పిల్లలు అట్లనే పెరిగిన్రు.”

సరేనన్నాను. తిండి వరకు అది మంచిదే అనుకున్నాను.

హోటల్ కూన

మూడు వారాలు దాటాక హోటల్ ఆయన కబురు పెట్టాడు. కూన రెండు రోజులుగా పొయ్యి పక్క బల్ల కింద నుంచి రావడం లేదట. నేను వంగి చూశాను. కళ్లు పెద్దవై ఉన్నాయి. గడ్డం తడిగా ఉంది. మ్యావ్ అని కాకుండా గొంతు బొంగురుపోయి ఏదో చప్పుడు వస్తోంది. హోటల్ ఆయన గిన్నెలో నీళ్లు ముందుకు జరిపాడు. కూన గిన్నెను కాదు, గిన్నె పట్టుకున్న చేతిని చూసింది. మరుక్షణం ఆయన రెండో చేతిలోని చెంచాను పట్టి కొరుకుతూ ఉంది. వదలడం లేదు. పాల పళ్లతో ఉక్కును కొరికే చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

ఆవుల్లో పిచ్చి జబ్బు చూశాను, కుక్కల్లో చూశాను. అరచేతిలో పట్టేంత ప్రాణిలో చూడలేదు.

వెదురు గంప బోర్లించి, పైన రాయి పెట్టి, మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆమె వచ్చి గంప సందులోంచి చూసింది. నన్ను అడిగిన మొదటి మాట, “మా కహాఁ హై?” తల్లి ఎక్కడ అని.

ఇద్దరం కొట్టుకు నడిచాం. సేటు మళ్లీ అదే మాట చెప్పాడు, తిరగబోయిందని. బొటనవేలి మీద గుడ్డ లేదు. మచ్చ మాత్రం ఉంది. గుండ్రంగా రెండు చుక్కలు. రేకు గీసుకుంటే గీత పడుతుంది.

లోపలి గుమ్మంలోంచి ఆయన భార్య సుగుణక్క అంది, “చెప్పు. రాజన్నకు చెప్పు. లేకుంటె నేను చెప్త.”

సేటు తల దించుకున్నాడు. ఆమే చెప్పింది.

“తిరగబోవుడేంది? గోదాంలనే సచ్చింది, బస్తాల నడుమ. సచ్చేముందు గోడలకు ఎగబడ్డది, కూనల్ని నోట కరిచి ఇసిరేసింది. ఈయన ఏలు పట్టింది. తెల్లారంగనే వేరే ఊరికి పోయి సూది ఏయించుకున్నడు. మొత్తం నాలుగు. ఆఖరుది మొన్ననే అయింది.”

నేను సేటును చూశాను. ఇరవై ఏళ్లుగా ఆ బల్ల మీద ఆయన పక్కన కూర్చున్నాను.

“సేటూ, నీకు తెలిసే కూనల్ని పంచినవా?”

“పిచ్చి పిల్లి గోదాంల తిరిగిందని తెలిస్తే నా బియ్యం ఎవడు కొంటడు? బజారంతా మొఖం తిప్పుకొని పోతది” అన్నాడు. తర్వాత, ఇంకా చిన్న గొంతుతో, “కూనలు పాలు తాగేటియి గదా, వాటికేమైతదిలే అనుకున్న. నా ఇంట్ల గూడ ఒకటి ఉంచుకున్న గద, రాజన్నా. తెలిస్తే ఉంచుకుంటనా?”

ఆ చివరి మాట నిజమే. అందుకే నాకు ఆయన మీద కోపం కంటే భయం ఎక్కువ వేసింది. తన వేలికి నాలుగు సూదులు కావాలని లెక్క తెలిసిన మనిషికి, పక్కవాడి వేలు లెక్కలోకే రాలేదు.

మేడమ్ తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. ఆ రోజంతా ఆమె గొంతు పెంచలేదు.

హోటల్ కూన సాయంత్రానికి చనిపోయింది. సేటు ఇంటి కూననూ, మాస్టారి కూననూ మేడమ్ తన చేత్తోనే నిద్రపుచ్చింది. మాస్టారి కూన అప్పటికి బాగానే ఆడుకుంటోంది, ఆమె చేతి గడియారం పట్టీతో కూడా ఆడింది. హోటల్ కూన తల ఐసులో పెట్టి పరీక్షకు పంపాం. జవాబు మేం అనుకున్నదే వచ్చింది. కూనల్ని ముట్టుకున్న మా అందరికీ సర్కారు దవాఖానలో సూదులు మొదలయ్యాయి.

పిల్లలూ, ఇది ఇక్కడే చెబుతాను. ఎవరి కూననైనా ముట్టుకోకముందే మీ సూదులు మీరు వేయించుకోండి. ముందుగా వేసుకునేవి ఉంటాయి. నేను అన్నేళ్లు వాటిని రేపు, ఎల్లుండి అని వాయిదా వేశాను.

వాగు అవతల

నాలుగో కూన మిగిలింది.

“ముత్తక్కది ఏ ఊరు?” అని సేటును అడిగాను.

“ముత్తక్క అంటే ముత్తక్కనే. ఇప్ప పువ్వు తెస్తది” అన్నాడు. ఏళ్ల తరబడి ఆమె సరుకు తూచి కొన్న మనిషి.

మళ్లీ బజారు దాకా ఆగలేకపోయాను. మూడు ఊళ్లు తిరిగాను. ప్రతి ఊళ్లో ఒక ముత్తక్క ఉంది, ఎవరూ ఆ ముత్తక్క కాదు. ఒక చోట చావిడి ముందు ఆటబొమ్మ ఈడుస్తున్న పాపను చూసి, దాని చివర ఉన్నది తోక అనుకుని బండి పడేసి పరుగెత్తాను. గుడ్డ పీలిక అది.

ఆఖరికి బజారు రోజు వాగు రేవు దగ్గర నిలబడి వచ్చే ఆడవాళ్లను ఒక్కొక్కరినీ అడిగాను. ఒకామె గంప దించకుండానే నవ్వుతూ చెప్పింది. “ముత్తక్కనా? మా ఊరే. వాగు అవతల. దాని పిల్లి పిచ్చి లేసి ఉరికిపాయె గద.”

నేను వెళ్లేసరికి ముత్తక్క గుడిసె ముందు వడ్లు చెరుగుతోంది. కుడి చూపుడు వేలికి ఆకు చుట్టి ఉంది. ఆకు కింద ఎర్రగా కనబడుతోంది. మొదట రక్తం అనుకున్నాను.

“ఏలికేందక్కా?”

“పిల్లి కొరికింది. అన్నం పెడ్తాంటె పట్టింది, ఇడువదే! పండ్లు సూదుల్లెక్క ఉన్నయి. దులిపేసిన్నంటె తుప్పలల్ల పడి పోయింది.”

“ఎన్నడు?”

“మొన్న.”

“ఏం పెట్టినవు దానికి?”

“కారం. కారం ఇసం గుంజుతది గద.”

ఆకు విప్పాను. వేలి కొసన నాలుగు సన్నని గాట్లు, వాటి నిండా కారం. బిందె తెమ్మన్నాను, సబ్బు నా సంచిలోంచి తీశాను. పోస్తూ పోస్తూ కడిగాను. బిందె అయిపోతే ఇంకో బిందె. ఆమె నన్ను నాకు అర్థమయ్యే భాషలో తిట్టి, అది చాలక నాకు సగమే అర్థమయ్యే భాషలో కూడా తిట్టింది. తిట్లు ఆపి, ఉన్నట్టుండి నా ముఖంలోకి చూసింది.

“నీ చెయ్యెందుకు వణుకుతాంది సారూ?”

చెప్పాను. తల్లి పిల్లి సంగతి, హోటల్ కూన సంగతి. ఆమె వేలు ఎత్తి చూసుకుంది.

“సస్తనా?”

“సూదులు వేసుకుంటే సావవు.”

“ఎన్ని?”

“నాలుగు.”

“మూడుకు కాదా? కూలోళ్ల మేస్త్రి దగ్గర పైసలు ముందుగాల్నే తీసుకున్న. మిరపకాయ ఏర పోవాలె, గోదావరి ఆవలి దిక్కు.”

“నాలుగంటే నాలుగే అక్కా. నీకు తూకం తక్కువ ఇయ్యను.”

అప్పుడు నవ్వింది. ఆమెను బండి మీద ఎక్కించుకుని నేరుగా దవాఖానకు తెచ్చాను. మొదటి సూదితో పాటు గాయం చుట్టూ కూడా ఒక మందు ఎక్కించారు. వేలి కొసలో సూది దించుతుంటే ఆమె నా మోచేయి పట్టుకుంది. ఆ గోళ్ల గుర్తులు రెండు రోజులు ఉన్నాయి. రెండో సూదికి నేనే వెళ్లి తెచ్చాను. మూడోదానికి తనే నడిచి వచ్చింది. హోటల్ ముందు ఆగి, “పిల్లి కరిసినోళ్లకు ఇక్కడ చాయ్ ముఫత్ అట గద” అంది. హోటల్ ఆయన చేయి కడుక్కుంటూ, “ముఫత్తే ముత్తక్కా, పైసలొద్దు. గిలాసను మాత్రం కొరకకు” అన్నాడు. ముగ్గురం నవ్వాం. ఆ నవ్వుల మధ్య కూడా నేను ఆమె గ్లాసు వైపే చూస్తున్నాను. గుటక పడుతుందా లేదా అని. ఆ జబ్బు లేచిన మనిషికి నీళ్లు గొంతు దిగవు. పడింది.

నాలుగో సూదికి ఇంకా మూడు వారాలు గడువు. ఆమె రోజుల్ని బజార్లతో లెక్క పెట్టేది. “రెండు బజార్లు పోవాలె, మూడో బజారు నాడు రావాలె” అని చెప్పాను. వేళ్లు ముడిచి చూపించింది.

గుటక

రెండో బజారుకే మేస్త్రి ట్రాక్టరు వచ్చి వాళ్లను ఎక్కించుకుపోయింది. తోటల్లో కాయ పండింది, ఆగేది లేదని.

అది తెలియక మూడో బజారు నాడు రేవు దగ్గర నిలబడి, మధ్యాహ్నం దాటాక ఊరికి వెళ్లాను. గుడిసె తలుపుకు ముళ్లకంప అడ్డం పెట్టి ఉంది. మేస్త్రికి ఫోన్ చేస్తే, “నా దగ్గర చానా మంది ముత్తక్కలున్నరు సారూ, ఏ ముత్తక్క?” అన్నాడు. వేలికి కాటున్న ముత్తక్క అన్నాను. “మిరపకాయ ఏరేటోళ్ల ఏళ్లన్నీ అట్లనే ఉంటయి” అన్నాడు.

గోదావరి దాటి అవతలి తోటలకు వెళ్లాను. ఎటు చూసినా ఎరుపు. ఘాటుకు అందరూ ముక్కూ నోరూ గుడ్డలతో కట్టుకున్నారు. కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. సాళ్ల మధ్య నిలబడి ముత్తక్కా అని కేకేస్తే ఇద్దరు తలెత్తారు, ఇద్దరూ ఆమె కాదు. అక్కడి దవాఖానలో చెప్పాను, వేలికి పిల్లి కాటున్న మనిషి వస్తే నాలుగోది వేయండని. వేస్తామన్నారు. వచ్చిందో లేదో తెలిసే దారి నాకు లేదు.

మేడమ్‌ను అడిగాను, మూడు సరిపోతాయా అని. “సరిపోయి ఉండొచ్చు” అంది. మళ్లీ తనే, “సరిపోయాయి అని నా నోటితో అనిపించకు, రాజన్నా” అంది. ఇంత చిన్న కాటు తర్వాత ఆ జబ్బు ఎప్పుడు బయటపడుతుందో చెప్పలేం. వారాలు కావచ్చు, నెలలు కావచ్చు, ఒక్కోసారి ఏడాది దాటొచ్చు అని చెప్పింది. ఆ మాట విన్నాక నా చేతికి పట్టు తిరిగి రాలేదు. ఒక మేకకు సూది వేయబోయి నా బొటనవేలికే గుచ్చుకున్న రోజు సంచి దించేశాను.

సేటు ఇప్పటికీ కొట్లో కూర్చుంటాడు. గోదాంలో కొత్త పిల్లి ఉంది, దానికి టీకాలన్నీ వేయించాడు. ఒకసారి పిలిచి, “రాజన్నా, కూసోవయ్యా, ఎన్నాళ్లు ఇట్ల?” అన్నాడు. నేను ఆయన బొటనవేలు చూసి నడిచిపోయాను. ఆయన చెడ్డవాడని నేను అనను. బియ్యం అమ్ముడుపోదని భయపడ్డాడు. ఈ పనిలో మీకు ఎదురయ్యే అబద్ధాల్లో చాలావరకు అలాంటి భయంలోంచే పుడతాయి. కాబట్టి కూనను పెట్టెలోంచి తీయకముందే అడగండి, తల్లి ఎక్కడ? చచ్చిపోతే ఎలా చచ్చింది? ఎవరినైనా కరిచిందా? ‘తిరగబోయింది’ అంటే ఆ కూనను ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇంటి ఆడవాళ్లను విడిగా అడగండి. తిట్టకండి.

మిరపకాయ పని ముగిసి ట్రాక్టర్లు తిరిగివచ్చే రోజుల్లో ఇప్పటికీ ఏటా రేవు దగ్గరికి వెళతాను. ముత్తక్క ఆ ఊరికి మళ్లీ రాలేదు. ఇంకా దూరం పోయిందని, అక్కడే ఎవరో చుట్టాల దగ్గర ఉండిపోయిందని ఒకరు అన్నారు. జ్వరంతో పడుందని ఇంకొకరు అన్నారు. పోయినసారి ట్రాక్టరు దిగిన ఒకామె మాత్రం చూశానంది. తోట గట్టు మీద, దూరంగా, ముఖానికి గుడ్డతో.

“నీళ్లు తాగుతాంటె చూసినవా?” అని అడిగాను.

ఆమె పగలబడి నవ్వింది. “మిరప తోటల నీళ్లు తాగకుంటె ఎవలు బతుకుతరు సారూ?”

“నువ్వు చూసినవా, లేదా?”

నవ్వు ఆపి, ఆలోచించి, “యాదికి లేదు” అంది.

సేటుకు నాలుగు పడ్డాయి. హోటల్ ఆయనకు నాలుగు, మాస్టారికి నాలుగు, నాకు నాలుగు. ముత్తక్కకు మూడు.

ఒకటి బాకీ.